సేటు కుర్చీలు, మా కాక బంతి

బహ్రెయిన్‌లోని సల్మాబాద్‌లో మేమున్న లేబర్ క్యాంపులో మాకంటూ ఒక ప్రభుత్వం ఉండేది. నవ్వకండి, నిజమే. దానికి జెండా లేదు, జీతాల్లేవు, పోలీసులు అసలే లేరు. ఒక వంటగది ఉంది, ఒక పెద్దమనిషి ఉన్నాడు, రెండు చట్టాలున్నాయి. వంతు వచ్చినవాడు వండాలి, వాడు ఎంత పెద్ద పనివాడైనా సరే. అందరూ నేల మీద ఒకే బంతిలో కూర్చుని తినాలి, ఎవడు ముందొస్తే వాడు ముందు. ఈ రెండు చట్టాలతో నలభై మందికి పైగా తెలుగువాళ్ళం ఏళ్ళ తరబడి కొట్టుకోకుండా తిన్నాం. అసెంబ్లీ ఉన్న రాష్ట్రాల్లో కూడా ఇంత శాంతి ఉంటుందని నేననుకోను.

ఆ పెద్దమనిషిని అందరం కాక అనేవాళ్ళం. మాది ఉత్తర తెలంగాణ, ఆయనదీ అటువైపే, కాని నాకు వరసకేమీ కాడు. తాపీ మేస్త్రీ. బక్కపలచటి మనిషి, గొంతు మాత్రం గోడ అవతలికి వినిపిస్తుంది. నేను టైల్స్ పనికని కొత్తగా దిగినప్పుడు, మా ఇంట్లోవాళ్ళు ఊరంతా ‘దుబాయి పోయిండు’ అని చెప్పుకుంటుంటే, నేనేమో బహ్రెయిన్‌లో ఈ క్యాంపు గుమ్మంలో బ్యాగు పట్టుకుని నిలబడ్డాను. ఎవరు, ఏమిటి అని అడగకుండా ‘చెయ్యి కడుక్కోని కూసో’ అన్న మొదటి మనిషి కాకే.

శుక్రవారం మధ్యాహ్నం మా బంతి చూడాలి. పలచటి ప్లాస్టిక్ షీటు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరిచేవాళ్ళం. క్రేన్ నడిపే ఆయన పక్కన సిమెంటు కలిపే హెల్పరు, ఆ హెల్పరు మోకాలికి మోకాలు తగిలిస్తూ ఫోర్‌మన్. వారమంతా ‘యల్లా, యల్లా’ అని నన్ను తరిమిన ఆ ఫోర్‌మనే, శుక్రవారం నా ప్లేటులోని నిమ్మకాయ చెక్క కోసం నన్ను బతిమాలేవాడు. నేను కాసేపు బెట్టు చేసి ఇచ్చేవాణ్ని. ఆ సుఖం జీతంలో రాదు.

కాకకు ఈ బంతి అంటే ఎందుకంత పట్టుదలో ఒకసారి ఆయనే చెప్పాడు. చిన్నప్పుడు దొరగారింట్లో పెళ్ళయితే వీళ్ళ వాడకట్టువాళ్ళకు ఆఖరు బంతి, అదీ పశువుల కొట్టం దగ్గర. ‘అన్నం అదే, కూర అదేరా. గని మనదాంక వచ్చేటాళ్ళకు సల్లారిపోతుండె’ అన్నాడు.  

ఇక సేటు సంగతి. ఆయన పుట్టుకతో సేటు కాదు. ఒకప్పుడు మా గదిలోనే పై మంచం మీద పడుకున్నవాడు, కాక చేతికింద హెల్పరుగా తాపీ పట్టడం నేర్చుకున్నవాడు. తెలివైనవాడు, కష్టపడ్డాడు. వీసాకు పూచీపడే మంచి అరబ్బు కఫీల్ దొరికాడు. కంపెనీలకు మనుషుల్ని పంపే పని మొదలుపెట్టాడు. ఇప్పుడు హూరాలో ఫ్లాటు, తెల్ల కారు, ఆయన దిగకముందే దిగే అత్తరు వాసన. మా క్యాంపులో సగం మంది ఆయన పంపిన పనుల్లోనే ఉన్నారు, వాళ్ళ ఓవర్‌టైం ఆయన చేతిలోనే ఉంది. అయినా శుక్రవారం వచ్చి మా బంతిలో తినిపోయేవాడు. అందుకు ఆయనంటే మాకిష్టమే. ఆ ముక్క ముందే చెప్పాలి.

ఆయనకు ఊళ్ళో సర్పంచ్‌గా నిలబడాలని కోరిక పుట్టింది. క్యాంపులో చాలామందిది ఆ ఊరో, చుట్టుపక్కల ఊళ్ళో. మా ఓట్లు మాతోపాటు ఇక్కడ ఎండుతున్నా, మా ఇళ్ళల్లో ఓట్లు ఊళ్ళోనే ఉన్నాయి. ఇక్కడ మనవాళ్ళందరికీ పెద్దమనిషి అనిపించుకుంటే, మెడలో దండతో ఒక ఫోటో దిగితే, అది ఊళ్ళో అందరి ఫోన్లలోకీ పోతుంది. ఇదేమీ రహస్యం కాదు, ఆయనే నవ్వుతూ చెప్పుకున్నాడు.

ఒక శుక్రవారం భోజనాలయ్యాక లేచి నిలబడ్డాడు.

‘కాకా, నువ్వు అలిసిపోయినవ్. డ్యూటీ జేసొచ్చి ఈళ్ళంత ఉల్లిగడ్డలు గోసుడేంది? నన్ను పెద్దమనిషిని జేస్తే ఒక వంటాయనను వెడ్త. మీరెవ్వలు గరిటె ముట్టొద్దు. నచ్చుతదో లేదో ముందుగాల ఒక నెల సూడుండ్రి.’

అందరం చప్పట్లు కొట్టాం. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే. ఉల్లిగడ్డలకూ నాకూ పుట్టు విరోధం. కాక మాత్రం ప్లేటు తీసుకుని కడగడానికి పోయాడు.

వంటాయన వచ్చాడు. ఆయనతోపాటు ఒక పొడుగాటి స్టీలు బల్ల, ఎనిమిది కుర్చీలు వచ్చాయి. కుర్చీలెందుకని ఎవరో అడిగితే, ‘ఉంటయి తియ్, ఎవలన్న కూసుంటరు’ అన్నాడు సేటు. ఎవరు కూర్చోవాలో ఆయన చెప్పలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే తర్వాత జరిగినదంతా ఎవరూ చెప్పకుండానే జరిగింది.

మొదటి శుక్రవారం ఒక్కడూ కుర్చీ ఎక్కలేదు. ఆ తర్వాత ఫోర్‌మన్ మోకాళ్ళ నొప్పులని ఎక్కాడు. ఆయనకు తోడు సూపర్‌వైజరు. టైంకీపరుకు ఏ నొప్పీ లేదు గాని, వాళ్ళిద్దరూ పిలిచారు కదా అని ఎక్కాడు. చూస్తుండగానే ఎనిమిది కుర్చీలకూ ఎనిమిది మంది ఖాయమైపోయారు. బల్లకు తలవైపు కుర్చీ సేటుది. వంటాయన గిన్నెను ముందు బల్ల దగ్గరికే తీసుకుపోవడం మొదలుపెట్టాడు. లెగ్గు ముక్కలు అక్కడే దిగిపోయేవి, మా దాకా మెడలూ రెక్కలూ నడిచొచ్చేవి. కింద కూర్చున్నవాళ్ళలోనూ వరుసలు వచ్చాయి. బల్లకు దగ్గరగా కొందరు, గుమ్మం దగ్గర కొందరు. చెప్పులు విడిచే చోట హెల్పర్లు.

డబ్బున్నవాడు రాజ్యాన్ని కొనేస్తాడని అందరం అంటుంటాం. మా రాజ్యాన్ని ఆయన కొనలేదు. ఆయన జేబులో చెయ్యి పెట్టకముందే మేమే తీసుకెళ్ళి ఆయన ఒడిలో పెట్టాం. పైగా ఆయన మొహమాటపడుతుంటే మేమే బలవంతం చేశాం.

ఇంతా చేసి ఆ వంటాయన బిర్యానీ మహా ఘోరం. బియ్యం పలుకు, ముక్క తియ్యన, దాని మీద పన్నీరు చల్లినట్టు ఏదో వాసన. సేటు తన కుర్చీలోంచి ‘ఎట్లున్నదిరా?’ అని అడిగితే ‘మస్తుగున్నది సేటు’ అని గది మొత్తం ఒకే గొంతుతో అనేది. మాతో గోదావరి జిల్లా తమ్ముడొకడు ఉండేవాడు, సేటు పంపిన పనిలోనే ఉన్నాడు. వాడైతే ఇంకో మెట్టెక్కి ‘అమృతవండీ’ అనేవాడు. తర్వాత గదికొచ్చి జీలకర్ర నీళ్ళు తాగేవాడు.

ఒకరోజు నాకూ కుర్చీ దొరికింది. ఆ వారం నేను బుసైతీన్‌లో ఒక విల్లాకు టైల్స్ వేస్తున్నాను, పని చూసి ఇంటాయన మెచ్చుకున్నాడని మా సూపర్‌వైజరుకు తెలిసింది. టైంకీపరు డ్యూటీలో ఉండి రాలేదు. ‘రా భాయ్, కూసో’ అన్నాడు సూపర్‌వైజరు. కూర్చున్నాను. నిజం చెప్పాలంటే బాగుంది. చాలా బాగుంది. వెన్ను దానంతటదే నిటారైంది. ప్లేటులో లెగ్గు ముక్క పడింది. అప్పుడు కిందికి చూశాను. నా గదివాళ్ళందరి నడినెత్తులు కనిపించాయి. ఇన్నేళ్ళు ఒకే గదిలో ఉండి కూడా, గోదావరి తమ్ముడికి నడినెత్తి మీద జుట్టు పలచబడుతోందని నాకు ఆరోజే తెలిసింది. ఆ పక్కనే కాక, అన్నం కలుపుకుంటున్నాడు. తల ఎత్తలేదు. నాకు ఆ ముక్క గొంతు దిగలేదు. దిగలేదంటే, దిగింది గాని ఆలస్యంగా దిగింది.

ఆ సాయంత్రం మలబారీ దుకాణంలో కొత్తిమీర కొనుక్కుని కాకా నేనూ నడిచొస్తున్నాం. దారి పొడుగునా గ్యారేజీల్లో సుత్తి దెబ్బలు. ఆ చప్పుళ్ళ మధ్య కాక మామూలుగా అన్నాడు.

‘ఈ నెల కాంగనే వాన్నే పెద్దమనిషిని జేసుకోండ్రి. నేను బంతికి రాను ఇగ. నా రూంల ఇంత ఖుబూస్ పెరుగుల ముంచుకోని తింట.’

‘గట్లెందుకు కాకా?’

‘కుర్చీలున్న కాడ నేను ఉండనురా. వాని మీద కోపం లేదు. వాడు నా బిడ్డ లెక్క. గని నాతోని గాదు.’

నలభై మందిని ఒక్కచోట కూర్చోబెట్టి తినిపించిన మనిషి, గదిలో ఒంటరిగా గోడకు తిరిగి రొట్టె నములుకుంటాడా? నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తెలీక ఒక డ్రమ్మును తన్నాను, కాలు నొప్పెట్టింది. ‘ఓట్లు పెడదాం’ అన్నాను. కాక నవ్వాడు. ‘ఓట్లెందుకురా, అందరు ఆయన దిక్కే ఉన్నరు’ అన్నాడు. నేను వినలేదు. నెల చివర శుక్రవారం పొద్దున ఎన్నిక అని ప్రకటించేశాను. సేటు కూడా సంతోషంగా ఒప్పుకున్నాడు. ఓట్లతో గెలిస్తే ఫోటోకు మరింత బలం కదా.

చేతులెత్తి ఓటు వెయ్యమంటే కుదరదు. సేటు కళ్ళముందు ఎవడు ఎత్తుతాడు? అందుకని రహస్య ఓటు. మా పెద్ద అన్నం గిన్నెను వంటగదిలో పెట్టి, మూతికి తువ్వాలు కట్టి, చెయ్యి దూరేంత సందు వదిలాను. శనగగింజ సేటుకు, చింతగింజ కాకకు. ఒక్కొక్కరికి రెండూ ఇస్తాను. నచ్చినది గిన్నెలో వేసి, రెండోది జేబులో పెట్టుకుని బయటికి రావాలి. ఎన్నికల అధికారిని నేనే. నా తెలివికి నేనే మురిసిపోయాను.

నేను మంచం మంచం తిరిగి ప్రచారం చేశాను. ‘గది జెప్పాల్నానే, కాకకే’ అన్నారు అందరూ. నా వెనకే సేటు తిరిగాడు. ‘మీకు జెప్పాల్నా సేటు, మీకే’ అన్నారు అందరూ, అదే గొంతుతో. ఎన్నిక ముందు సాయంత్రం సేటు హోటల్ నుంచి మటన్ తెప్పించాడు. అది నిజంగానే బాగుంది. ఒక్కరూ వదల్లేదు, నాతో సహా. కాక కూడా తిన్నాడు. పెట్టినప్పుడు తినకపోతే వాని మనసు నొచ్చుకుంటుందన్నాడు.

శుక్రవారం పొద్దున అందరూ స్నానాలు చేసి, తలకు నూనె రాసుకుని వచ్చారు. పెళ్ళికి వచ్చినట్టే ఉంది. వంటగది గుమ్మానికి ఒకవైపు సేటు, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాతో, ‘చాయ్ తాగినవా?’ అని ఒక్కొక్కరిని పలకరిస్తూ. రెండోవైపు కాక, లుంగీ ఎగ్గట్టుకుని, ఎవర్నీ పలకరించకుండా. మనవాళ్ళు ఈయనకు దండం పెట్టి, ఆయనకు దండం పెట్టి లోపలికి పోయారు. ఇద్దరు పెద్దమనుషులూ చివర్లో వేశారు. అందరికంటే చివర నేను వేశాను.

షీటు పరిచి గిన్నె బోర్లించాం. ఫోర్‌మన్ శనగలు లెక్కపెట్టాడు, గోదావరి తమ్ముడు చింతగింజలు లెక్కపెట్టాడు. రెండూ సమానం. మళ్ళీ లెక్కపెట్టమన్నాం. మళ్ళీ సమానం. కాసేపు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. టైంకీపరుకు లెక్కలు అలవాటు కాబట్టి ఆయనే అన్నాడు, మనుషులకంటే గింజలు ఇంచుమించు రెట్టింపు ఉన్నాయని.

 అందరూ కాళ్ళ వేళ్ళు చూసుకుంటున్నారు. గోదావరి తమ్ముడు గొంతు సవరించుకున్నాడు.

‘మరేనండి... నేను రెండూ వేసేసేనండి. రాత్రి సేటుగారి మటన్ తిన్నానండి, శనగ్గింజ వెయ్యకపోతే ఏం బావుంటాదండి? అలాగని కాకగారిని కాదనగలనా అండి?’

‘నేను గూడ’ అన్నాడు వాడి పక్కవాడు. ‘నేను గూడ’ అని గుమ్మం దగ్గరి హెల్పరు. ‘నేనొక్కణ్నే అనుకున్న’ అని ఫోర్‌మన్. ఒక్కొక్కడూ తానొక్కడే దొంగనని అనుకుని రాత్రంతా దిగులుపడ్డాడట. నవ్వులు మొదలయ్యాయి. ఇక ఆగలేదు. క్రేన్ ఆయన షీటు మీద పడి దొర్లాడు. మొహమాటంతో ఒక ప్రభుత్వాన్ని సరిగ్గా మధ్యకు విరిచిన జనం ప్రపంచంలో మేమే అయ్యుంటాం.

నన్ను అడుగుతారా? అధికారి కూడా మనిషే కదా. చింతగింజ కాక కోసం వేశాను. శనగగింజ ఉల్లిగడ్డలకు భయపడి వేశాను.

నవ్వులు సద్దుమణిగాక టైంకీపరే మళ్ళీ సందేహం లేవదీశాడు. పోటీ చేసినవాళ్ళిద్దరూ చెరొకటీ వేసుకున్నారా, లేక వాళ్ళు కూడా...? అందరం కాక వైపు చూశాం.

‘నేను రెండేసిన’ అన్నాడు కాక. ‘పది మందిల వాడు నిలవడ్డడు. నా బిడ్డ లెక్క అంటి. నేనెయ్యకుంటె ఎట్ల?’

సేటు తెల్ల చొక్కా గుండీ ఒకటి తిప్పుతూ నిలబడ్డాడు.

‘ముందుగాల శనగ్గింజనే ఏసిన కాకా. గుమ్మం దాంక వచ్చిన. నువ్వు ఆడ నిలవడి ఉన్నవ్. నా చేతిల తాపీ వెట్టిన దినం యాదికొచ్చింది. మల్ల ఎన్కకు పోయి చింతగింజ గూడ ఏసిన.’

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దాచుకోవడానికి గింజలు ఏరుతున్నట్టు వంగాను. చుట్టూ చూస్తే ఇంకా చాలామంది గింజలు ఏరుతున్నారు.

కాక దగ్గరికి పోయి సేటు భుజం మీద చెయ్యేశాడు.

‘ఓడినవో గెలిచినవో ఎవ్వనికి తెల్వది. గెలిచినవనే అనుకో. ఇయ్యాల్టి సంది పెద్దమనిషివి నువ్వే. గని పెద్దమనిషికి మొదటి వంతు. యల్లా, పొయ్యి ముట్టియ్.’

సేటు నవ్వుతాడనుకున్నాం. నవ్వలేదు. చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. నా లుంగీ అడిగి కట్టుకున్నాడు. కోడి ముక్కలు పెట్టడానికి ఎత్తుగా చోటు కావాలని ఆ స్టీలు బల్లను వంటగదిలోకి మోయించాడు. కుర్చీలు అడ్డమని బయటికి తీసి, ఒకదాని మీద ఒకటి పేర్చాం. పాపం వంటాయన ఏం చెయ్యాలో తోచక మాతోపాటు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. సేటు గరిటె పట్టి ఎన్నేళ్ళయిందో, ఉల్లిగడ్డలు కోస్తుంటే చెంపల మీద ధారలు. ఎవడో ఫోటో తీశాడు. ఊళ్ళో ఓటర్లకు ఈ ఫోటో పంపమంటారా అని అడిగితే, కళ్ళు మూసుకునే బూతు తిట్టాడు. పై మంచం నాటి బూతు అది, ఎన్నాళ్ళకో విన్నాం.

వంట ఎంతకీ కాలేదు. ఆకలికి పేగులు అరుస్తున్నాయి. చివరికి గిన్నె ఎత్తుకుని ఆయనే వచ్చాడు. బంతి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉంది. గుమ్మం వైపు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరికే వడ్డించుకుంటూ పోయాడు. కాక మధ్యలో ఎక్కడో ఉన్నాడు, ఫోర్‌మన్‌కూ ఒక హెల్పరుకూ నడుమ. ఆయన ప్లేటులో కూర పడుతుంటే చూసి, నేను హమ్మయ్య అనుకున్నాను.

అందరికీ వడ్డించాక సేటు గరిటె పట్టుకుని నిలబడ్డాడు. చెమటలు కారుతున్నాయి. ‘ఎట్లున్నదిరా?’ అన్నాడు.

 అందరి నోళ్ళల్లోనూ మొదటి ముద్ద ఉంది. గోదావరి తమ్ముడు తన ముద్దను కష్టపడి మింగాడు.

‘ఉప్పు ఎక్కువైపోయిందండి’ అన్నాడు.

నా చెయ్యి ప్లేటులోనే ఆగిపోయింది. వాడి ఓవర్‌టైం ఆ గరిటె పట్టిన చేతిలోనే ఉంది. సేటు గిన్నెలోంచి కొంచెం తీసి నాలుక మీద వేసుకున్నాడు. మొహం ముడుచుకుపోయింది.

‘మరి ఇన్ని దినాలు ఆ బిర్యానీ అమృతమంటివి గదరా?’

‘అదీ బాలేదండి. మీరు పైన కూచునుండేవోరు కదండి, ఎలా చెప్పేదండి?’

సేటు వాణ్ని చూశాడు. తర్వాత కాకను చూశాడు.

‘నువ్వన్న చెప్పకపోతివి కాకా.’

‘నువ్వు నన్ను అడగలే గదరా’ అన్నాడు కాక, తల ఎత్తకుండా తింటూ.

సేటు వంటగదిలోకి పోయాడు. చెంబుడు నీళ్ళు తెచ్చి గిన్నెలో గుమ్మరించి, గరిటెతో తిప్పాడు. ఒక ప్లేటు తీసుకుని, కాకకూ హెల్పరుకూ మధ్య సందు చేయించుకుని కూర్చున్నాడు. కూర నీళ్ళయింది, ఉప్పు తగ్గలేదు. బంతిలో ఒక్కరు కూడా బాగుందని అనలేదు. గిన్నె మాత్రం అడుగు దాకా ఖాళీ అయింది.